కీప్ అనే మాటతో నా కాపురం

రాజమండ్రిలో ఒక కోర్టులో పాతికేళ్లకు పైగా తర్జుమా చేసి రిటైరయ్యాను. కాయితాల మీద నా పోస్టు పేరు ట్రాన్స్‌లేటర్. బయట నన్ను ప్లీడరు గుమాస్తా అనుకున్నవాళ్లు కొందరు, టైపిస్టు అనుకున్నవాళ్లు కొందరు. మా మామగారైతే పోయేదాకా "మా అల్లుడు కోర్టులో ఏదో రాస్తాడండి" అనే చెప్పుకున్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఈమధ్య ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "రెండు భాషలూ వచ్చండి. ఇంకేం నేర్చుకోవాలండి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక కాఫీ ఇచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పంపేశాను. ఆ అమ్మాయి సందు మలుపు తిరిగాక గాని నాకు జవాబు తట్టలేదు. అదే ఇప్పుడు రాస్తున్నాను. ఫైళ్లు ఎలా కట్టాలో, ప్రమోషన్ ఎప్పుడొస్తుందో ఆఫీసులో ఎవరైనా చెబుతారు. అవి నా దగ్గర దొరకవు.

కిటికీ పక్క బల్ల

నా బల్ల కిటికీ పక్కన ఉండేది. ఎదురుగా రెండు మేడలు, ఆ రెండింటి సందులోంచి గోదావరి కొంచెం, చీర అంచంత, కనబడేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను కిందా, ఆ నీటి మెరుపు ఎదురుగా కూర్చుంటే మెలకువకీ నిద్రకీ మధ్య గట్టు తెగిపోయేది. ఎడమ చేతి పక్కన తెలుగు వాంగ్మూలం, కుడి చేతి పక్కన తెల్ల కాయితం. నేనెన్నడూ చూడని మనుషులు వచ్చి నా చెవిలో మాట్లాడుతున్నట్టే ఉండేది. కొబ్బరి దింపువాళ్లు, చేపలమ్మేవాళ్లు, పొలం గట్టు దగ్గర తగువుపడ్డ అన్నదమ్ములు. వాళ్ల గొంతులు నాలోంచి ఇంగ్లీషై కాయితం మీదికి వెళ్లిపోయేవి. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఉద్యోగం అని చెప్పుకోవడానికి ఒక్కోసారి సిగ్గేసేంత ఇష్టంగా ఉండేది.

నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఇంగ్లీషులో దిట్ట. ఎక్కడో దూరాన హాస్టళ్లలో చదువుకున్నాడు. ఆయన పాత కాయితాలు తిరగేస్తుంటే ఒకచోట, "ఆమె ఆ ఆదివారమే నీళ్లాడింది" అన్న సాక్షి మాటకి, ఆమె ఆ ఆదివారం స్నానం చేసింది అని ఇంగ్లీషు కనబడింది. ఆమె బిడ్డని కన్నదని మా వైపు పాలవాడికి కూడా తెలుసు. ఇంకోచోట, "అప్పటికే దీపం కొండెక్కిందండి, మనిషి ఆనవాలు తెలీలేదండి" అని ఒక ముసలాయన చెప్పాడు. ఆరిపోయిన ఆ దీపాన్ని ఈయన నిజంగానే కొండ మీదికి ఎక్కించాడు. జడ్జిగారు అది చదివి "ఏ కొండండీ, అన్నవరమా?" అని అడిగారని ఆఫీసులో ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకున్నారు.

నేనూ నవ్వాను. ఈ పనికి కావలసింది ఇంగ్లీషు కాదు, తెలుగు అని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. నాకు తెలుగు వచ్చునని కూడా అనుకున్నాను. గొప్పలకి పోతే తిప్పలొస్తాయంటారు కదా, నాకూ అలాగే అయింది.

కామేశ్వరరావు గారు

మా పై అధికారి కామేశ్వరరావు గారు. తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు, ముక్కుపొడి. ఆయనది ఒకటే సిద్ధాంతం. "మనం గొట్టాలమయ్యా. ఈ చివర ఏం పోస్తే ఆ చివర అదే రావాలి. మధ్యలో నీ బుర్ర కలపకు" అనేవారు. ఆశ్రితుడు అని ఉంటే ఆశ్రితుడే, వెధవ అని ఉంటే వెధవే. తిట్లు కూడా తగ్గించనిచ్చేవారు కాదు.

ఆయన్ని గురించి నిష్పక్షపాతంగా చెప్పాలంటే, పదింట తొమ్మిదిసార్లు ఆయన మాటే సరైనది. సాక్షి మీద జాలిపడి మాట మార్చిన ట్రాన్స్‌లేటరు సాక్షికే ద్రోహం చేస్తాడు. కానీ మాటలు నీళ్లలాంటివి కావు, గొట్టంలో పోసినవన్నీ అటువైపు రావు. ఆ పదోసారి ఏం చెయ్యాలో ఆయన నాకు నేర్పలేదు. ఆయనకి కూడా తెలియదనుకుంటాను.

ప్లీడరు గారి కాజాలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గోదావరి మధ్యనున్న ఒక లంక గ్రామం కేసు నా బల్ల మీదికి వచ్చింది. సత్తిరాజు గారని ఒక పెద్ద రైతు. పిల్లల్లేరు. ఆయన తన పాత పెంకుటిల్లునీ, దాని వెనకున్న పది కొబ్బరిచెట్లనీ మాణిక్యం అనే ఆవిడ పేర రాసిచ్చాడు. అన్నకొడుకులు ఆ రాత చెల్లదని కోర్టుకెక్కారు. ముసలాయన్ని ఆవిడ వశం చేసుకుని రాయించుకుందని వాళ్ల వాదన. సత్తిరాజు గారు స్వయంగా బోనెక్కి, తెలివిలో ఉండే రాశానని చెప్పాడు. కింద కోర్టు మాణిక్యానికే తీర్పిచ్చింది. అన్నకొడుకులు హైదరాబాదుకి అప్పీలు వేశారు. ఈలోగా సత్తిరాజు గారు పోయారు. అక్కడ కేసు వినే జడ్జిగారు పై రాష్ట్రం నుంచి వచ్చినాయన, తెలుగు చదవరు. కనుక ముసలాయన వాంగ్మూలం నేను ఇంగ్లీషు చెయ్యాలి.

రెండు పేజీల వాంగ్మూలం. అందులో ఒక వాక్యం ఇది: "తుఫాను పోయిన వారం మాణిక్యాన్ని మా ఇంట్లో పెట్టుకున్నామండి." నేను దాన్ని 'ఐ కెప్ట్ మాణిక్యం ఇన్ మై హౌస్' అని రాశాను. పెట్టుకోవడం అంటే కీప్. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. సంతకం పెట్టి పంపించేసి కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చున్నాను.

నెల తర్వాత అన్నకొడుకుల ప్లీడరు మూర్తి గారు మా గదికి వచ్చారు. చేతిలో తాపేశ్వరం కాజాల పొట్లం. ప్లీడర్లు మా గది గుమ్మం తొక్కడమే అరుదు.

"ఏంటండి విశేషం?" అన్నాను.

"మీకు తెలీకుండానే మాకు పెద్ద సాయం చేశారండి. ముసలాయన నోటమ్మటే అనిపించేశారు గదండి, కెప్ట్ అని! ఇంకేం కావాలండి? ఆవిడ ఆయన కీప్. మాయచేసి రాయించుకుంది. మా సీనియరు గారు ఆ మాట కింద ఎర్రగీత గీసేసేరు" అన్నారు మూర్తి గారు నవ్వుతూ.

కొరికిన కాజాని పొట్లంలో పెట్టేశాను. ఇంగ్లీషువాడి దగ్గర కీప్ అన్నది వందపనులు చేసే మాట. మన దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో అరుగుల మీద దానికి ఒకటే అర్థం మిగిలింది. "ఫలానావాడికి కీప్ ఉందిట" అని గొంతు తగ్గించి చెప్పుకునే అర్థం. ఆ అర్థం తెలుగు గడ్డ మీద పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. రాసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. నాకు ముందున్నాయన ఆడమనిషికి స్నానం చేయించి ఊరుకున్నాడు. నేను చేసిన పని అంతకంటే పాడుపని.

పంటు మీద మాటలు

ఆ ఆదివారం మధ్యాహ్నం నిఘంటువు గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. కలలో కోటిపల్లి రేవు. మనుషుల్నీ సైకిళ్లనీ కలిపి దాటించే పంటు ఆగి ఉంది. కీప్ అనే మాటకున్న అర్థాలన్నీ మనుషులై వరసగా ఎక్కుతున్నాయి. అందరి చేతుల్లోనూ ఒకటే టిక్కెట్టు. గుప్పిట్లో ఏదో దాచుకున్న పిల్ల ఒకతి. పంట కాచేవాడు. ఆవుల్ని సాకేవాడు. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి. చంటిదాన్ని ఒడిలోంచి దించని తల్లి. ఊరగాయ చెడిపోకుండా జాడీ మూతికి గుడ్డ కడుతున్న ముసలమ్మ. నోరు మూసుకుని కూర్చున్నవాడొకడు, అదీ ఆ మాటే. చిట్టచివర చేతికి మల్లెదండ చుట్టుకున్న షోకైన మనిషొకడు ఎక్కి, అందర్నీ తోసుకుంటూ వెళ్లి ముందు కూర్చున్నాడు. పంటు కదిలింది. అవతలి గట్టు మీద నిలబడ్డవాళ్లకి వాడొక్కడే కనబడుతున్నాడు. వెనకున్నవాళ్లని చూపించాలని నేను చేతులూపుతూ అరుస్తున్నాను.

మా ఆవిడ కుదిపి లేపింది. "నిద్రలో కూడా తర్జుమాయేనా అండి?" అంది. లేచి కూర్చున్నాను. భయమేసింది.

"నన్నేమని రాశారండి?"

ఆ వారంలోనే మాణిక్యం మా ఆఫీసు వరండాలోకి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ముతక చీర, చేతిలో గుడ్డసంచి. రెండు బస్సులు మారి వచ్చానంది. వాళ్ల ఊళ్లో అన్నకొడుకులు కాలవ గట్టు మీద నలుగురిలో నవ్వుతున్నారట, ఇంగ్లీషులో కూడా రాసేసేరు అని.

"బాబుగారూ, మీరేనంటగదండి ఇంగ్లీషు రాసింది. నన్నేమని రాశారండి?"

"రాయడం మంచిగానే రాశానమ్మా. ఆ మాటకి చాలా అర్థాలున్నాయి."

"అయ్యేంటో చెప్పండి."

చెప్పాను. దాచుకోవడం, కాపాడుకోవడం, సాకడం, మాట నిలబెట్టుకోవడం. ఆవిడ ఒక్కొక్క మాటకీ తల ఊపింది.

"ఆయ్. అవన్నీ నిజవేనండి. మరి వాళ్లెందుకు నవ్వుతున్నారండి?"

వరండాలో గుమాస్తాలు తిరుగుతున్నారు. గొంతు తగ్గించి ఆ చివరి అర్థం కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాలనే అనిపించింది గాని, అడిగినదానికి సగమే చెప్పడం మా వృత్తిలో లేదు. ఆవిడ ముఖం చూడలేక గోడ వైపు చూశాను. ఆవిడ సంచిలోంచి రెండు కొబ్బరికాయలు తీసి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"ఆ ఇల్లు పోతే ఎక్కడో ఓ చోట పడుంటానండి. తుఫానులో అన్నీ పోయినప్పుడు బతకలేదేంటండి. ఈ మాట మట్టుకు తీసెయ్యండి. దీంతో ఆ ఊళ్లో ఉండలేనండి" అంది.

కొబ్బరికాయలు వద్దన్నాను. "మా సెట్లయ్యేనండి, కొన్నయ్యి కాదు" అని పెట్టేసి వెళ్లిపోయింది.

గొట్టంలో పడ్డ మాట

కామేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి, తర్జుమాలో తప్పు పడింది, సవరించి పంపుదాం అన్నాను.

"ఏం తప్పు? పెట్టుకోవడం అంటే కీప్ కాదా?"

"అవునండి. కానీ..."

"మరి కానీ ఏంటయ్యా? పోయిన కాయితం పోయింది. ఇప్పుడు తప్పంటే నీకు మెమో వస్తుంది, ఆ తర్వాత నాకు. ఇంతకీ ఏం రాద్దామని?"

"ఆశ్రయమిచ్చాను అనండి."

"వాంగ్మూలంలో ఆశ్రయం అన్న మాట ఉందా? లేదు. నువ్వే పోస్తున్నావు గొట్టంలో."

ఆయన అన్నదీ నిజమే. అయినా నాకు కోపం వచ్చింది. పాతికేళ్లలో ఆయన ముందు గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "ఆవిడ ముసలాయనకి కీప్ అని మీరు నమ్ముతున్నారా అండి?" అన్నాను. "నమ్మకాలతో మనకి పనేంటి?" అన్నారు. "అయితే మనం రాసిన మాట ఆ నమ్మకాన్ని పుట్టిస్తోంది గదండి" అన్నాను. ఆయన ముక్కుపొడి పీల్చుకున్నారు. చివరికి, తప్పు నాదేనని నా చేతిరాతతో రాసిస్తే పైకి పంపుతానన్నారు.

రాసిచ్చాను. కీప్ అనే మాటకి నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ ఒక కాయితం మీద ఎక్కించి, మన ప్రాంతంలో ఆ మాట ఎలా వాడతారో వివరించి, కెప్ట్ అన్నచోట 'గేవ్ షెల్టర్ టు' అని చదువుకోవాలని రాశాను. 'ఐ గేవ్ షెల్టర్ టు మాణిక్యం ఇన్ మై హౌస్.' ఎంతో బాగా కుదిరిందనిపించింది. అనుకున్నట్టే మెమో వచ్చింది. దాన్ని పెద్ద పతకంలా మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను. సవరణ హైదరాబాదు చేరింది. కొన్నాళ్లకి అప్పీలు కొట్టేశారు. ఇల్లూ, పది చెట్లూ మాణిక్యానికే మిగిలాయి.

తీర్పు చదివిన పూట

తీర్పు నకలు నేనే పట్టుకెళ్లాను. అలా వెళ్లడం మా పద్ధతి కాదు. పొగడ్త వినాలని వెళ్లానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. పంటు దాటి, లంక గట్టు మీద కొబ్బరి నీడల్లో నడుస్తుంటే ఒళ్లు తేలిపోతున్నట్టుంది. మాణిక్యం అరుగు మీద చాప పరిచింది. బొండం కొట్టి ఇచ్చింది. "మొత్తం చదవండి బాబుగారూ, తెలుగులో" అంది.

ఇంగ్లీషు కాయితం మీద వేలు పెట్టి, నోటితో తెలుగు చెబుతూ పోయాను. ఒకచోట అన్నకొడుకుల ప్లీడరు వాదన ఉంది. ఆమె ఆయన ఉంచుకున్న మనిషి అని వారు వాదించారు అని. ఆ రెండు వరసలూ దాటేశాను.

"అక్కడ ఏదో వదిలేసేరండి. మీ యేలు ముందుకెళ్లింది, మాట రాలేదు" అంది మాణిక్యం. ఆవిడకి అక్షరం రాదు.

చదివాను. ఆ వాదన నిలవదని కోర్టు చెప్పిన వాక్యం కూడా చదివాను. ఆవిడ తల పంకించింది. "సరేనండి. వాళ్లన్నారు, కోర్టు కాదంది. అంతేగదండి" అంది. నా గుండె కుదుటపడింది. చివరి పేజీ దాకా చదివి, కాయితాలు సర్ది, ఆవిడ ఏమంటుందా అని చూశాను.

"మరి అమ్మగారేరండి?" అంది.

"ఏ అమ్మగారు?"

"సీతారత్నం గారండి. అయ్యగారి భార్య. తుఫాను పోయాక మిగిలినోళ్లందర్నీ ఇస్కూల్లో పడుకోబెట్టేరండి. నా మొగుడు పోయేడు, అత్త పోయింది. నేను మూల కూసుని ఉంటే ఆవిడొచ్చి చెయ్యి పట్టుకుని లేపి ఈ ఇంటికి తీసుకొచ్చేరండి. అయ్యగారు గుమ్మంలో నిలబడి చూసేరంతే. ఆవిడ మంచాన పడితే మూడేళ్లు నేనే ఎత్తి దించేనండి. పోయే ముందు ఆవిడే చెప్పేరండి, ఈ ఇల్లు మాణిక్యానికి రాసియ్యండి అని. ఇన్ని కాయితాల్లో ఆవిడ లేదేంటండి?"

వాంగ్మూలంలో ఆవిడ పేరు లేదు గదమ్మా, అనబోయాను. నా సంచిలో వాంగ్మూలం తెలుగు నకలు ఉంది. తీసి చూశాను. పేరు నిజంగానే లేదు. అడిగినదానికే జవాబు చెప్పమన్నారు కోర్టులో. పైగా సత్తిరాజు గారిది భార్య పేరు నలుగురిలో పలకని తరం. కానీ ఆయన భార్యని వదిలెయ్యలేదు. "మా ఇంట్లో పెట్టుకున్నామండి" అన్నాడు. పెట్టుకున్నాను అనలేదు. ఆ 'మా'లో ఆవిడ ఉంది. ఆ 'పెట్టుకున్నామండి'లోని 'మ'లో ఉంది.

మన వైపు మా ఆవిడ అంటాం, మా ఇల్లు అంటాం. ఇంగ్లీషులో అవి మై వైఫ్, మై హౌస్ అయిపోతాయి. 'మా'ని 'మై' చెయ్యడం నా చేతికి అలవాటైపోయింది. ఇరవై ఏళ్ల అలవాటు. కీప్ అన్న ఒక్క మాటకి పంటు నిండా అర్థాలు వెతికినవాణ్ణి, నిఘంటువు చూడక్కర్లేని మాట దగ్గర తప్పాను. సవరణ రాసినప్పుడు కూడా మళ్లీ 'ఐ' అనే రాశాను. ముసలాయన ఒంటరిగా ఒక ఆడమనిషిని ఇంట్లో పెట్టుకున్నట్టు రాసింది మూర్తి గారు కాదు, నేను. ఆ ఇల్లాలు కాయితంలో ఉండి ఉంటే ఆ పాడుమాటకి అసలు చోటే లేదు.

ఆ సంగతి మాణిక్యానికి చెప్పాను. మళ్లీ సవరణ రాస్తానన్నాను. కేసు అయిపోయాక సవరణ ఎవరూ చదవరని తెలిసే అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. వరండాలో ఆ మాట విన్నప్పుడు కూడా ఏడవని మనిషి. "ఇప్పుడెందుకండి. ఇల్లు దక్కిందిగా అంటారండి అందరూ. ఇల్లు దక్కిందండి. ఇల్లాలే పోయింది" అంది.

పంటు వేళయింది. రేవు దాకా వచ్చి సాగనంపింది. అవతలి గట్టు వచ్చేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

అమ్మాయీ, రెండు భాషలూ వస్తే ఇంకేం నేర్చుకోవాలి అని అడిగావు కదా. సాక్షి 'మా' అన్నచోట కలం ఆపు. అందులో ఎంతమంది ఉన్నారో కనుక్కుని అప్పుడు రాయి.